ముప్పై అయిదు అడుగులు

రుద్రవరం నుంచి ఆళ్లగడ్డకు పొద్దున ఆరున్నరకు బయలుదేరిన ఆటోలో తొమ్మిదిమంది ఆడపిల్లలు, నేను. ఒళ్లో రెండు బ్యాట్లు, కాళ్ల సందున గ్లౌజుల సంచి. సాఫ్ట్‌బాల్ సెలెక్షన్లకు పోతున్నాం. ఆ రోజు పిచింగ్ చేయాల్సిన, అంటే బ్యాటర్‌కు బంతి వేయాల్సిన, పిల్లకు పన్నెండేళ్లు. ఆమె పిచరై పందొమ్మిది రోజులు. దారి పొడుగునా కుడి భుజాన్ని ఎడమ చేత్తో పిసుక్కుంటూనే కూర్చుంది. ఏమ్మా అంటే, "ఏం లేదు సార్, కొంచెం పీకుతాంది" అంది. నిన్న ఎన్ని బంతులు వేశావని అడిగాను. తెలియదంది. నేర్పడానికి వచ్చిపోయే పాత ఆటగాణ్ని అడిగితే, "అండర్ ఆర్మే కద సార్, ఎన్నేసినా ఏం గాదు" అన్నాడు. నేను లెక్కల మాస్టర్ని. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడి పోస్టు ఖాళీగా ఉన్న ఏడాది ఆటల పిల్లల్ని వెంటబెట్టుకుపోయే పని నా మీద పడింది, అంతే. "ఎన్నేసినా" అనే అంకె మా సబ్జెక్టులో లేదు.

అప్పటినుంచి ఈ ప్రశ్న వెంట పడ్డాను. చిన్నపిల్లలకు పిచింగ్ నేర్పడం ఎట్లా? ఏ వయసులో, ఏ బంతితో, ఎంత దూరం నుంచి, రోజుకు ఎన్ని? ఈ ఆట ఆడే ప్రతి దేశంలోనూ దీనిమీద కొట్లాట నడుస్తూనే ఉంది. చదవగలిగినంత చదివాను. ఫోనులో వీడియోలు ఆపి ఆపి చూశాను. గ్రౌండ్ల గట్టుమీద కూర్చుని కనిపించిన ప్రతి పీఈటీ సారునూ విసిగించాను. ఆ తిరుగుడంతా ఇక్కడ అప్పజెబుతున్నాను.

మన దగ్గర సాఫ్ట్‌బాల్ వీధిలో పెరిగిన ఆట కాదు, బడి రిజిస్టరులో పెరిగింది. 1887లో షికాగోలో ఒక క్లబ్బు గదిలో, బాక్సింగ్ గ్లౌజును చుట్టి బంతి చేసుకుని, కట్టెతో కొట్టడంతో ఈ ఆట మొదలైందని చెబుతారు. మన దేశంలో దీనికి సమాఖ్య 1961లో, జోధ్‌పూర్ కేంద్రంగా ఏర్పడింది. పల్లెలకు వచ్చింది మాత్రం స్కూల్ గేమ్స్ దారిలో, అండర్-14, అండర్-17, అండర్-19 అంటూ. అనంతపురంలో ఆర్డీటీ సంస్థ పల్లె పిల్లలకు నేర్పే ఆటల్లో సాఫ్ట్‌బాల్ కూడా ఉంది. అట్లాంటిచోట గ్రౌండు ఉంటుంది, కోచి ఉంటాడు, పెద్దపిల్లల్ని చూసి చిన్నపిల్లలు నేర్చుకునే వరస ఉంటుంది. నల్లమల అంచున ఉన్న మా ఊర్లాంటి చోట ఆ వరస లేదు. క్రికెట్ అయితే పిల్ల నడక నేర్చేలోపే నాలుగువేల బంతులు పడటం చూసుంటుంది. సాఫ్ట్‌బాల్ అట్లా కాదు, మొదటిసారి చూడటమూ మొదటిసారి ఆడటమూ ఒకే రోజు.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు. పిచర్ నిలబడే ప్లేటు రెండడుగుల పొడవు, అరడుగు వెడల్పు. దాని చుట్టూ ఎనిమిది అడుగుల దూరంలో సున్నంతో గీసిన వలయం. రెండు చేతులూ కలిపి ఒక క్షణం కదలకుండా నిలబడాలి. తర్వాత బంతి చెయ్యి ముందుకు లేచి, నెత్తి మీదుగా వెనక్కి తిరిగి, కిందికి దిగి, తుంటి పక్కన బంతిని వదులుతుంది. రెండు చుట్లు తిప్పకూడదు. ముందుకు వేసేది ఒక్క అడుగే. మణికట్టు మోచేతి కన్నా బయటికి పోకూడదు. దీన్నే విండ్‌మిల్ అంటారు. మా పిల్లలు దానికి పెట్టుకున్న పేరు గిరక. ఆడవాళ్ల పెద్ద పోటీల్లో పిచర్‌కూ, బ్యాటర్ ముందుండే హోం ప్లేటుకూ మధ్య 43 అడుగులు, మగవాళ్లకు 46. మేటి మహిళా పిచర్లు గంటకు 110 కిలోమీటర్లు దాటించి వేస్తారు. అంటే బంతి చేతిలోంచి వదిలాక బ్యాటు దగ్గరికి చేరడానికి అర సెకను కూడా పట్టదు. హోం ప్లేటు వెడల్పు 17 అంగుళాలు, మూరకు ఒక అంగుళం తక్కువ. బ్యాట్ పట్టిన పిల్ల చంక నుంచి మోకాలి దాకా ఎత్తు. ఆ మూర వెడల్పు కిటికీలోంచి బంతి పోవాలి. తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది ఎంత బాగా ఆడినా, ఆ కిటికీ దొరకని పిచర్ ఉంటే ఆట ముందుకు కదలదు.

చేతిని ఇట్లా గుండ్రంగా తిప్పి విసరడం మనకు కొత్తేమీ కాదు. జొన్నచేలల్లో మంచె మీద కూర్చుని పిట్టల్ని తోలినవాళ్లకు వడిసెల తెలుసు. నా చిన్నప్పుడు మా తాత చేతిలో చూశాను. తాడు మడతలో రాయి పెట్టి, ఒక కొస వేలికి తగిలించి, రెండో కొస వేళ్ల మధ్య బిగించి గిరగిరా తిప్పేవాడు. బలం చెయ్యిది కాదు, తాడుది. నేర్పంతా కొస ఎప్పుడు వదలాలో తెలియడంలోనే ఉంది. ఒక రెప్పపాటు అటో ఇటో అయితే రాయి పక్క చేనివాళ్ల మంచె మీదికి పోయేది, ఆ తర్వాత వాళ్ల మాటలు మా మీదికి వచ్చేవి. విండ్‌మిల్‌లోనూ సరిగ్గా ఇదే. బ్యాటర్ వెనక కూర్చుని పట్టే క్యాచర్ నెత్తి మీదుగా బంతి పోయిందంటే చెయ్యి తుంటి దాటి పైకి లేచాక వదిలారన్నమాట, ఆలస్యం. ముందే నేలకు కొట్టిందంటే తొందరపాటు. పిల్లలకు ఈ రెండు ముక్కలు చెబితే చాలు, తప్పు వాళ్లే దిద్దుకుంటారు. "సరిగ్గా వెయ్యి" అని అరిస్తే మాత్రం దిద్దుకోలేరు. సరి అనేది ఏ దిక్కున ఉందో అరుపు చెప్పదు కదా.

ముందు బంతి సంగతి. పెద్దల బంతి చుట్టుకొలత 12 అంగుళాలు, బరువు 178 నుంచి 198 గ్రాములు. పేరులో సాఫ్ట్ ఉందేగానీ మెత్తన ఏమీ కాదు. అమెరికాలో పదేళ్లలోపు పిల్లలకు 11 అంగుళాల బంతి ఇస్తారు, బరువు 170 గ్రాములకు అటూ ఇటూ. జపాన్‌లో ఇంకా తెలివిగా రబ్బరు బంతుల్ని నంబర్లుగా విడగొట్టారు: ఒకటో నంబరు 141 గ్రాములు, రెండోది 163, మూడోది 190. ప్రాథమిక బడి పిల్లల చేతికి రెండోది వస్తుంది. నేను చూసిన మన బడుల్లో ఉండేది ఒకే సంచి, అందులో ఒకే సైజు, 12 అంగుళాలది. ఆరో తరగతి పిల్లకు కూడా అదే, ఇంటర్ అబ్బాయికి కూడా అదే.

తేడా ఒక అంగుళమే కదా అనుకున్నాను నేను కూడా. ఒకరోజు లెక్కల పీరియడ్లో వృత్త పరిధి చెబుతూ బంతుల్నే తీసుకుపోయాను. చుట్టుకొలతను పైతో భాగిస్తే 12 అంగుళాల బంతి అడ్డుకొలత 3.8, 11 అంగుళాలది 3.5. పిల్లల చేతులు దారంతో కొలిపించాను. తర్వాత ఆ పెద్ద బంతిని వేళ్ల మొనలతో పట్టుకోమన్నాను. ఇరవైమందిలో నలుగురైదుగురే పట్టగలిగారు. మిగతావాళ్లు అరచేతిలోకి అదుముకున్నారు, కుంభం మోస్తున్నట్టు. అరచేతిలో ఉన్న బంతి వేళ్ల మీదుగా దొర్లదు, తోసినట్టు పోతుంది. తిరగదు కాబట్టి తిన్నగా పోదు. దాన్ని సరిచేయడానికి పిల్ల భుజంతో కుమ్ముతుంది. ఆటోలో భుజం పిసుక్కున్న పిల్ల చెయ్యి కూడా ఆ రోజు కొలిచాను. ఆమె చెయ్యి చిన్నదే.

చిన్న బంతి కొనడానికి డబ్బు లేకపోతే పాత సాక్సులో గుడ్డపీలికలు కుక్కి, పైన ఇంకో సాక్సు తొడిగి కుట్టండి. మొదటి రెండు మూడు నెలలు పిల్లకు దానికన్నా మంచి బంతి లేదని నా అభిప్రాయం. ఎవరికి తగిలినా దెబ్బ కాదు, గోడకు కొడితే కాళ్ల దగ్గరే పడుతుంది, వెతకడానికి చిల్లకంపల్లోకి పోయే పని లేదు.

దూరం గురించి ఎక్కువ గొడవ లేదు. అమెరికాలో పదేళ్లలోపు వాళ్లకు 35 అడుగులు, పన్నెండేళ్ల లోపు 40. జపాన్ చిన్నపిల్లలకు పెట్టిన 10.67 మీటర్లు కూడా అడుగుల్లోకి మారిస్తే సరిగ్గా 35. సముద్రానికి అటొకరూ ఇటొకరూ ఒకే కొలత దగ్గర ఆగారంటే అది పిల్లల చేతుల్లోంచి వచ్చిన కొలతే అయి ఉండాలి. పెద్దమనిషి అంగలతో పద్నాలుగు అంగలు. టేపు లేకపోయినా గీత గీయొచ్చు. మా వాళ్లు మాత్రం ఏకంగా 43 దగ్గర నిలబెడతారు, పోటీలో అదే ఉంటుంది కదా అని. పోటీ ఆగస్టులో అయితే జనవరిలో కూడా అదే దూరం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇక అసలు రచ్చ చెయ్యి తిప్పే తీరు మీద. ఇందులో రెండు పార్టీలున్నాయి, రెండూ గట్టివే. పాత పార్టీ పద్ధతి ఇది: చెయ్యి నెత్తిమీదికి వచ్చినప్పుడు బంతి ముఖం వెనక రెండో బేస్ వైపు ఉండాలి, అక్కడినుంచి బంతిని కిందికి తోసుకుంటూ రావాలి, తుంటి దగ్గర మణికట్టును చటుక్కున విరవాలి, చివరికి మోచెయ్యి పైకి లేచి క్యాచర్‌కు "హలో" చెప్పాలి. దాని పేరే హలో ఎల్బో. కొత్త పార్టీ దీన్ని పూర్తిగా కొట్టేస్తుంది. వాళ్లు చెప్పేదేమిటంటే, మేటి పిచర్ల స్లో మోషన్ వీడియోలు చూడండి, ఒక్కరైనా అట్లా వేస్తున్నారా? ముంజేయి తుంటిని ఒరుసుకుంటూ పోతుంది, ఆ రాపిడి దగ్గర పైచెయ్యి ఆగుతుంది, కిందిచెయ్యి కొరడాలా ముందుకు దూసుకుపోతూ లోపలికి తిరుగుతుంది. మోచెయ్యి పైకి లేపడమనేది బంతి పోయాక పెట్టుకునే ఫోజు.

తమాషా ఏమిటంటే, మేటి పిచర్లలోనే కొందరు శిబిరాల్లో పిల్లలకు మోచెయ్యి లేపమని నేర్పుతూ తాము మాత్రం తుంటి ఒరుసుకునే వేస్తారు. ఒళ్లు చేసేది ఒకటి, నోరు చెప్పేది ఒకటి. ఈత బాగా వచ్చినవాణ్ని ఎట్లా ఈదుతావంటే చెప్పలేడు, చెప్పినా తప్పే చెబుతాడు.

వీడియోలు చూశాక నేను కొత్త పార్టీలోనే చేరాను. అయితే పాతదాన్ని ఊరికే తీసిపారేయలేం. ఒక్కో చోట చెయ్యి ఎక్కడుండాలో అది స్పష్టంగా చెబుతుంది, ముప్పైమంది పిల్లల్ని ఒక్కడే నిలబెట్టి నేర్పే సారుకు "ఒకటి, రెండు, మూడు" అని చెప్పుకోవడానికి వీలుంటుంది. కొత్తదాన్ని మాటల్లో పెట్టడమే కష్టం. కొరడా అంటే పిల్లలకు సినిమాలో చూసిందే తెలుసు. చివరికి మా బడి ఆయమ్మ దారి చూపింది. తడి గుడ్డను ఆరేసేముందు రెండు చేతులా పట్టి ఝాడిస్తుంది చూడండి, కొసన ఫట్టుమని మోగుతుంది. చేతులు ముందుకు పోయి టక్కున ఆగుతాయి, గుడ్డ కొస మాత్రం ఆగదు. మా ఆడపిల్లల్లో ఆ పని రానిది ఒక్కతీ లేదు. తువాలు తడిపి ఒక్క చేత్తో కింద నుంచి ఝాడించమన్నాను. రెండో రోజుకు మోగింది. ఆ చేతిలోనే సాక్సు బంతి పెట్టాను. "సార్, బంతి దానంతటదే పోతాంది" అంది ఒక పిల్ల. ఆ పక్కనున్న మగపిల్లలకు తువాలు మోగడానికి వారం పట్టింది. కారణం మీకు తెలుసు, నాకూ తెలుసు.

దీనికి తోక లాంటి తగాదా ఇంకొకటుంది: మణికట్టుతో మొదలుపెట్టాలా, పూర్తి చుట్టుతోనా? చాలామంది కోచీలు పది అడుగుల దూరంలో మోకాలి మీద కూర్చోబెట్టి ముందు మణికట్టు మాత్రమే ఆడిస్తారు, తర్వాత అరచుట్టు, ఆ తర్వాతే గిరక. శుద్ధంగా, మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. నేనూ మొదటి ఏడాది అదే చేశాను, లెక్కల వాణ్ని కదా, మెట్లంటే ఇష్టం. నెలకు ఏం జరిగిందంటే పిల్లలు మణికట్టు దగ్గర బంతిని ఆపి, చూసి, గురిపెట్టి వదలడం అలవాటు చేసుకున్నారు. గిరక తిప్పమంటే పైనుంచి వేగంగా వచ్చిన చెయ్యి తుంటి దగ్గరికి రాగానే బ్రేకు వేసుకుంటోంది. రెండో ఏడాది తిరగేశాను. మొదటి రోజు నుంచే పూర్తి గిరక, గోడ మీదికి, గురి లేకుండా. గోడంతా గురే. చెయ్యి వదులుగా తిరగడం వచ్చాక గోడమీద బొగ్గుతో డబ్బా గీశాం. గురి ముందా వేగం ముందా అని అడిగితే నా ఓటు వేగానికే. వేగంగా వేసే పిల్లకు గురి నేర్పొచ్చు. చెయ్యి బిగబట్టి గురి చూసుకోవడం అలవాటైన పిల్లను వదులు చేయడానికి చాలా నెలలు పట్టింది నాకు.

ఇప్పుడు ఆటోలో విన్న మాట దగ్గరికి వస్తాను. అండర్ ఆర్మ్ సహజం, భుజానికి ఏమీ కాదు అనేది మా ఆళ్లగడ్డ గట్టుమీద పుట్టిన నమ్మకం కాదు, ఈ ఆట పుట్టిన దేశంలోనే దశాబ్దాలు నడిచింది. అక్కడ బేస్‌బాల్ ఆడే మగపిల్లలకు బంతుల లెక్క 2007లోనే వచ్చింది. పిల్లలకు పోటీలు నడిపే లిటిల్ లీగ్ సంస్థలో ఏడెనిమిదేళ్ల వాడు రోజుకు 50కి మించి వేయకూడదు, తొమ్మిది పదేళ్లవాడు 75, పదకొండు పన్నెండేళ్లవాడు 85. అదే సంస్థ సాఫ్ట్‌బాల్ ఆడపిల్లల దగ్గరికి వచ్చేసరికి లెక్కపెట్టింది బంతుల్ని కాదు, ఇన్నింగ్స్‌ను. ఒక ఇన్నింగ్స్‌లో పది బంతులూ పడొచ్చు, నలభయ్యీ పడొచ్చు. బియ్యం కొలవమంటే సంచులు లెక్కపెట్టినట్టుంది అది.

ఈ నమ్మకాన్ని పరిశోధకులు పరీక్షించకపోలేదు. 1992లో అచ్చయిన ఒక సర్వేలో అమెరికా కాలేజీల మేటి జట్ల పిచర్లు 24 మందిని అడిగితే 20 మందికి గాయాలున్నట్టు తేలింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో వేసిన పిచర్లను కెమెరాలతో కొలిచినప్పుడు, బంతి వదిలే ఊపులో చెయ్యి భుజం కీలు నుంచి ఊడి రావడానికి గుంజే బలం సగటున ఒంటి బరువులో 80 శాతం ఉన్నట్టు కనిపించింది. పైనుంచి విసిరే బేస్‌బాల్ పిచర్ల భుజానికి ఇదేమీ తీసిపోలేదు. ఇంకో పరిశీలనలో, జబ్బ ముందున్న కండ పైనుంచి విసిరేటప్పటికన్నా విండ్‌మిల్‌లోనే ఎక్కువ శ్రమ పడుతున్నట్టు తేలింది. సాఫ్ట్‌బాల్ పిచర్లకు నొప్పి ఎక్కువగా భుజం ముందు వైపు వచ్చేది అందుకే. 35 కిలోల పిల్లకు 80 శాతమంటే 28 కిలోలు, అర బస్తా సిమెంటు కన్నా ఎక్కువ. మేటి క్రీడాకారిణుల అంకెను పన్నెండేళ్ల పిల్లకు అట్లాగే అంటగట్టకూడదు, పిల్ల చెయ్యి అంత వేగంగా తిరగదు. కానీ ఆ పెద్దవాళ్లకున్న గట్టిపడిన ఎముక ఈ పిల్లకు లేదు. భుజం ఎముక పొడుగయ్యే చోట ఇంకా మెత్తటి భాగమే ఉంటుంది. అది మూసుకుని గట్టిపడేదాకా అక్కడ పడే ప్రతి గుంజుడూ పెరిగే చోటే పడుతుంది.

ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా యుకికో ఉయెనో పేరు తెస్తారు. తేవాల్సిందే. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో జపాన్ తరఫున రెండు రోజుల్లో మూడు మ్యాచుల్లో 413 బంతులు వేసి, ఆఖరికి అమెరికాను ఓడించి బంగారు పతకం తెచ్చింది. జపాన్‌లో ఆ అంకెకే ఒక పేరు పడిపోయింది. పదమూడేళ్ల తర్వాత, టోక్యో క్రీడలు ఒక ఏడాది ఆలస్యమై 2021లో జరిగినప్పుడు, 39 ఏళ్ల వయసులో మళ్లీ బంగారమే. ఈ కథ చెప్పి పిల్లల చేత రోజుకు రెండొందలు వేయించినవాళ్లు నాకు తెలుసు. బీజింగ్ నాటికి ఆమెకు 26 ఏళ్లు, వెనక ఏళ్ల తరబడి రోజూ చేసిన సాధన ఉంది. ఆ మాట కథలో నుంచి జారిపోతుంది. 413 మాత్రం మిగులుతుంది.

నా లెక్క చెబుతాను. ఆ పందొమ్మిది రోజుల్లో పిల్ల రోజుకు నూటయాభై వేసిందనుకుందాం. పొద్దున, సాయంత్రం కలిపి తక్కువలో తక్కువ అంత ఉంటుంది. 19ని 150తో గుణిస్తే 2850. ఇప్పుడు ఇంకో రకంగా: వారానికి మూడు రోజులు, రోజుకు 40 బంతులు, 24 వారాలు. 2880. ముప్పై బంతులు ఎక్కువే. అదే పిల్ల, అదే చెయ్యి, ఇంచుమించు అదే మొత్తం. మొదటి లెక్కలో భుజానికి ఒక్క రోజు కూడా విశ్రాంతి లేదు. రెండో లెక్కలో వారానికి నాలుగు రోజులు. ఇది బోర్డు మీద వేసి చూపిస్తే మా స్టాఫ్ రూములో అందరూ ఒప్పుకున్నారు. ఆ ఏడాది ఏమీ మారలేదు.

ఎందుకు మారలేదంటే, చిక్కు నేర్పే పద్ధతిలో కన్నా క్యాలెండర్లో ఎక్కువుంది. జూన్ 12న బడి తెరుస్తారు. పుస్తకాలు, అడ్మిషన్లు, యూనిట్ పరీక్షలు. వానలు పడితే నల్లరేగడి గ్రౌండులో చెప్పు దిగబడితే కాలు మాత్రమే పైకి వస్తుంది. ఉన్నట్టుండి ఒకరోజు మండల పోటీల కబురు. అప్పుడు వెతుకుతారు పిచర్ కోసం. ఎవరి చెయ్యి వాటంగా ఉంటే వాళ్లను పట్టుకుని రుద్దడం మొదలు. సెలెక్షన్లు కాగానే బంతుల సంచి మళ్లీ బీరువాలోకి. మూడు వారాలు ఎడతెరిపి లేని వాన, నలభై తొమ్మిది వారాల కరువు. రాయలసీమ వాళ్లకు ఈ వ్యవసాయం ఎట్లుంటుందో చెప్పక్కర్లేదు.

నేను కనిపెట్టిన సందు సంక్రాంతి. పండగ సెలవులు కాగానే, అంటే జనవరి మూడో వారం నుంచి ఏప్రిల్ ముగిసేలోపు, పద్నాలుగు వారాలు దొరుకుతాయి. గ్రౌండు ఎండి ఉంటుంది. పోటీలేవీ మీద లేవు కాబట్టి ఎవరికీ తొందర లేదు. ఒంటిపూట బడులు మొదలయ్యాక ఎండ ముదరకముందే, తొలి పీరియడుకు ముందు అరగంట. ఎండాకాలం సెలవుల్లో వద్దు, మా దగ్గర మే నెల ఎండలో పిల్లను గ్రౌండులో నిలబెట్టడం నేర్పడం అనిపించుకోదు. జూన్ నుంచి ఆగస్టు దాకా ఇంకో పది. అక్కడికి 24. ఇంకో ముఖ్యమైన సంగతి, పొద్దున ఏమీ తినకుండా వచ్చిన పిల్ల చేత వేయించవద్దు. మధ్యాహ్నం బడిలో పెట్టే కోడిగుడ్డే రోజులో మొదటి గట్టి తిండి అయిన పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వాళ్లకు సాధన సాయంత్రం పెట్టుకోండి.

మా పెద్దమ్మ మనవరాలు అమెరికాలో డల్లాస్ దగ్గర సాఫ్ట్‌బాల్ ఆడుతుంది. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్ల ఇళ్లలో ఈ ఆట మామూలైపోతోంది. పిచింగ్‌కు విడిగా కోచి, గంటకింతని ఫీజు, శనాదివారాలు ఊరూరా తిరిగే టోర్నమెంట్లు. ఆ పిల్లకు పదమూడు. మొన్న ఫోన్లో మాట్లాడితే భుజానికి ఐసు పెట్టుకుని ఉంది. వాళ్ల సమస్య మాకు తలకిందులు: ఏడాదిలో విరామం అనేదే లేదు, ఒక జట్టు సీజన్ ముగిస్తే ఇంకో జట్టుది మొదలు. మా పిల్లకు పందొమ్మిది రోజులు, ఆ పిల్లకు పదకొండు నెలలు. నొప్పి మాత్రం ఇద్దరికీ ఒకే చోట, భుజం ముందు వైపు. ఈవిడా లెక్క చెప్పలేకపోయింది. "ఎన్ని వేశావే" అంటే "చాలా మామయ్యా" అంది.

పిల్లల మ్యాచులు చూసినవాళ్లకు ఇంకో బాధ తెలిసే ఉంటుంది. పిచింగ్ సరిగా రాని వయసులో మ్యాచ్ పెడితే అది ఆట కాదు, అటెండెన్స్. కిటికీలో పడని బంతిని అంపైర్ "బాల్" అంటాడు, నాలుగు బాల్స్ అయితే బ్యాటర్ నడిచి మొదటి బేస్‌కు పోతుంది. బాల్, బాల్, బాల్, బాల్, నడక. మళ్లీ బాల్, బాల్. ఔట్‌ఫీల్డ్‌లో పిల్లలు గడ్డి పీకుతూ కూర్చుంటారు. పిచర్ కళ్లలో నీళ్లు. ఇతర దేశాల్లో దీనికి రకరకాల మందులు వాడుతున్నారు. చిన్నవాళ్లకు బంతిని కడ్డీ మీద నిలబెట్టి కొట్టిస్తారు. ఇంకొంచెం పెద్దయితే తమ జట్టు కోచే బంతి వేస్తాడు. కొన్నిచోట్ల పిల్లే వేస్తుంది గానీ నాలుగు బాల్స్ కాగానే నడక బదులు కోచి వచ్చి మిగతాది వేస్తాడు. ఈ మూడోది నాకు నచ్చింది. పిచర్‌కు అవకాశమూ పోదు, తక్కినవాళ్లకు ఆటా పోదు. పిచరూ బ్యాటూ రెండూ లేకుండా చేత్తో కొట్టి పరిగెత్తే బేస్‌బాల్5 అనే అయిదుగురి ఆటను ప్రపంచ సమాఖ్యే తయారుచేసింది, 2026 డకార్ యూత్ ఒలింపిక్స్‌లో దానికి చోటిచ్చారు. రబ్బరు బంతి ఒక్కటి చాలు దానికి. పదేళ్లలోపు పిల్లలకు మా బడుల్లో ముందు దాన్ని ఆడించి, పిచింగ్‌ను మ్యాచుతో ముడిపెట్టకుండా విడిగా గోడ దగ్గర నేర్పితే బాగుంటుందని నాకు అనిపిస్తుంది. అండర్-14 పోటీల్లోనైనా కోచి వచ్చి వేసే పద్ధతి పెడితే బాగుండు అని ఒక సారుతో అన్నాను. నవ్వేశాడు. "కోచికే పిచింగ్ రాకపోతే సార్?" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఒక్కరినే పిచర్‌గా ఎంచుకోవడం కూడా మానాలి. ఆరో తరగతిలో చెయ్యి వాటంగా ఉన్న పిల్ల తొమ్మిదిలో ఆడకపోవచ్చు. ఆ మూడేళ్లలో ఆడపిల్ల ఒళ్లు మారుతుంది, ఇంట్లో మాటలు మారతాయి, కొందరి ఊళ్లే మారతాయి. ఒక్కరి మీద పెట్టిన బరువు ఒక్కరితోనే పోతుంది. పన్నెండుమంది వేయడం నేర్చుకుంటే నలుగురు మిగులుతారు, నలుగురుంటే మ్యాచులో భారం పంచుకోవచ్చు, ఒకరి భుజం నొస్తే ఇంకొకరు ఉంటారు.

వీళ్లందరికీ ఎదురుగా కూర్చుని పట్టేవాళ్లెవరు? క్యాచర్ గురించి ఎవరూ రాయరు. పట్టేవాళ్లు లేకపోతే పిచర్ ఒక బంతి వేసి, తెచ్చుకోవడానికి నలభై అడుగులు పోయి, మళ్లీ వేస్తుంది; అరగంటలో పదిహేను పడతాయి, పదహారోది వేయడానికి ఓపిక ఉండదు. వేపకొమ్మకు గోనెసంచి కట్టి, మీదా కిందా రెండు తాళ్లు లాగితే స్ట్రైక్ డబ్బా తయారు. అది సగం పని చేస్తుంది. మిగతా సగానికి మనిషి కావాలి, మనిషికి ముఖానికి మాస్కు కావాలి. మాస్కు లేకుండా అసలు బంతిని పట్టించడానికి నేను ఒప్పుకోను, ఇందులో బేరం లేదు. మాస్కు వచ్చేదాకా సాక్సు బంతే.

ఆటోలో భుజం పట్టుకు కూర్చున్న పిల్ల ఇప్పుడు తొమ్మిదో తరగతి. పిచింగ్ మానేసింది. డాక్టరేమీ మానమనలేదు, తనే మానేసింది. క్యాచర్ అయింది. మొన్న సంక్రాంతి అయ్యాక బడి వెనక గోడ దగ్గర ఆరో తరగతి పిల్లల్ని వరసగా నిలబెట్టి, నా పాత హాజరు పుస్తకంలో ఒక్కో బంతికి ఒక్కో గీత గీస్తోంది. నాలుగు నిలువు, అయిదోది అడ్డం. ఒక చిన్నదానికి ఎనిమిది కట్టలు నిండాయి.

"ఇంకొక్కటి అక్కా, ఇది డబ్బాలో పడుతుంది చూడు."

ఆమె పుస్తకం మూసి, గ్లౌజు తీసి చిన్నదాని చేతికి తొడిగింది.

"బుధవారం. ఇప్పుడు నువ్వు పట్టు."